చేపల ఫ్రిజ్

మంగళవారం రాత్రి

వరండాలో ఉన్న నా చేపల ఫ్రిజ్ పాడైంది. "బాగుచేసినా ఎక్కువ రోజులు పనిచెయ్యదండీ, కొత్తది కొనుక్కోండి" అన్నాడు మెకానిక్.

నేను కొల్లేరు నుంచి ఈ పురోహితుల ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, వంటింటి ఫ్రిజ్‌లో నీచు పెట్టకూడదని అత్తయ్యగారే దీన్ని కొనిచ్చారు. అందుకే బాగుచేయించాలా, కొత్తది కొనాలా అని ఆవిణ్ణే అడిగాను. ఆవిడ వంటింట్లోని తన ఫ్రిజ్‌లో కింది అరలోని పెరుగు గిన్నె, మిగతావీ తీసేసి, పేపరు పరిచారు. "ముందు మీ నాన్నగారు పంపిన కొరమేను పాడవకుండా చూడమ్మా" అని దీపం పెట్టడానికి వెళ్ళిపోయారు.

ఇది ఈ ఒక్క రోజుకేనా, ఎప్పటికీనా? కొత్తది కొంటే నొచ్చుకుంటారేమో. కొనకపోతే అలుసు తీసుకున్నాననుకుంటారేమో. రేపు మెకానిక్‌కి ఏం చెప్పను?

చేపను మూడు కవర్లలో చుట్టి పెట్టాను. ఇందాక మంచినీళ్ళకి వెళ్ళి చూస్తే, ఆవిడ తీసేసిన పెరుగు గిన్నె మళ్ళీ ఆ చేప పక్కనే ఉంది.