సరైన జవాబులు

విద్యావతి మేడమ్ గారికి,

నమస్కారం. ఖైదీల జవాబులతో పోల్చిచూడడానికి అశోక్‌నగర్ హాస్టల్లో కోపం, క్రూరత్వం మీద ప్రశ్నపత్రాలు పంచాను కదా. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు, దాన్నీ పరీక్షే అనుకున్నారు. కలిసి చర్చించుకుని మంచివాళ్ల జవాబులు పెట్టారు. క్రాంతికుమార్ ఒక్కడే ఉన్నదున్నట్టు రాశాడు. దాంతో క్రూరత్వం స్కోరు అందరికన్నా అతనికే ఎక్కువ వచ్చింది. ఎవరికొచ్చిందని వాళ్లడిగితే నోరు జారాను. ఇప్పుడు అతనితో ఒకే గదిలో ఉండలేమంటున్నారు. ఓనర్ అతన్ని ఖాళీ చేయమన్నాడట.

నిన్న చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర క్రాంతికుమార్ నన్ను ఆపి అడిగాడు: "అక్కా, జర ఇంకో పేపర్ ఇయ్యి. ఈసారి కరెక్ట్ ఆన్సర్లు పెడ్త."

మేడమ్, దయచేసి మీరే వచ్చి అతన్ని పంపొద్దని ఓనర్‌కు చెప్పండి. ఇంకో పేపర్ మాత్రం నేను ఇవ్వలేను. ఇస్తే ఆ హాస్టల్లో నిజం చెప్పినవాడు ఒక్కడూ మిగలడు.

మీ విద్యార్థిని