అతుకు వేసిన గ్లౌజు

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ ఆశీస్సులు. నువ్వక్కడ ఒంట్లో బాగుండి, వేళకు తింటున్నావని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం అలవాటు కదా, చెయ్యి దానంతట అదే ఆ మాట మీదికి పోయింది. ఆపాను. ఇరవై రెండు రోజులుగా అది అబద్ధం. పోయిన ఉత్తరంలోనూ అదే అబద్ధం రాశాను. ఈసారి చివరిదాకా చదువు. కోపం వచ్చినా మధ్యలో మడిచి పెట్టకు.

అతుకులు వేసిన గ్లౌజులు మీ షెడ్డులో ఎవరూ తొడుక్కోవద్దని నిన్న మీ ఆఫీసుకు ఫోను చేసి చెప్పాను. ఎత్తినాయన "ఎవరి అమ్మగారండీ మీరు?" అని నవ్వి, చెబుతాలెండి అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నీకు చెప్పాడో లేదో తెలియదు. చెప్పినా నువ్వు ఊరికే వినే రకం కాదు. ఎందుకో తేలేదాకా నీకు ముద్ద దిగదు, చిన్నప్పటినుంచీ అంతే. అందుకే ఎందుకో రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు పరవాలేదు, మెట్లు ఎక్కేటప్పుడే కాస్త తిడుతోంది. పై వాటా ఆయన రేడియో ఇంకా బాగుచేయించుకోలేదు, గరగరలు మాకూ పంచిపెడుతున్నాడు. నీ పేస్టు డబ్బా మీద ఏం రాసి ఉందో చూసి రాయమన్నాను, నువ్వు బుద్ధిగా అక్షరం పొల్లుపోకుండా రాశావు. మా ఫ్యాక్టరీలో లతలు చెక్కడానికి అద్దాలు ముంచే తొట్టెల్లో ఉండేదీ, నువ్వు స్టీలు ట్యాంకుల వెల్డింగ్ మచ్చలు పోవడానికి బ్రష్షుతో పూసే పేస్టులో ఉండేదీ ఒకటే. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. "ఇది సాధువమ్మా, చేతిమీద పడినా మండదు" అని రాశావు. ఆ మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మేం దాన్ని నంగనాచి అంటాం. మిగతా యాసిడ్లు పడగానే కెవ్వుమనిపిస్తాయి, మనిషి పంపు దగ్గరికి పరిగెత్తుతాడు. ఇది నీళ్లు పడినట్టే పడుతుంది. మంట ఉండదు, ఎరుపు ఉండదు. తోలు దాటి లోపలికి పోయి, అక్కడ తన పని మొదలుపెడుతుంది. నాలుగు గంటలకో, ఎనిమిది గంటలకో నొప్పి పైకి వస్తుంది. అప్పటికి అది ఎముక దగ్గర ఉంటుంది. దానికి మందు కాల్షియం కలిపిన ఒక జెల్. పడిన క్షణమే పంపు కింద బాగా కడిగి, నొప్పి ఉన్నా లేకపోయినా ఆ జెల్ మళ్లీ మళ్లీ రుద్దుతూ ఆసుపత్రికి పోవాలి. పోయాక ఫలానా యాసిడ్ అని పేరు చెప్పాలి, లేకపోతే వాళ్లు మామూలు కాలిన గాయం అనుకుని కట్టు కట్టి పంపేస్తారు. ఇదంతా మా గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పదకొండేళ్లు రోజూ దాని కిందే కూర్చుని పని చేశాను.

పోయిన ఉత్తరం చివర బాబాయి ఎప్పటిలా బొమ్మ ఎందుకు గీయలేదని అడిగావు. దానికి ముందు నా ఘనత చెప్పాలి.

నా పని నీకు తెలుసు. పొద్దున్నే ప్రతి గ్లౌజులోనూ గాలి నింపి, మణికట్టు దగ్గర మెలిపెట్టి, బకెట్టు నీళ్లలో ముంచడం. బుడగ వస్తే పక్కన పడేయడం, రాకపోతే నీలం సిరాతో ముద్ర కొట్టి లోపలికి పంపడం. పోయిన ఏడాది కొత్త గ్లౌజులు రావడం తగ్గిపోయింది. అడిగితే మేనేజరు "ఉన్నవాటితోనే సర్దండమ్మా, మీరు ఇల్లు నడిపే మనిషి, మీకు చెప్పాలా" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఉబ్బిపోయాను. ఇంటికొచ్చి నీ పాత సైకిలు డబ్బా తీశాను. ట్యూబు ముక్క, గరుకు కాగితం, సొల్యూషన్. చిల్లి దగ్గర గీకి, పూసి, ఆరనిచ్చి, అతికించాను. బకెట్టులో ముంచితే ఒక్క బుడగ లేదు. అందరూ నన్ను పంక్చర్ షాపు అని ఏడిపించారు, నేనూ మురిసిపోయాను. సేఫ్టీ వారోత్సవం నాడు మేనేజరు నాకు గోడ గడియారం బహుమతి ఇచ్చాడు. ఆ సంగతి నీకు రెండు పేజీలు రాశాను, గుర్తుందా?

గుర్తుంది నీకు. అందుకే నీ ఉత్తరంలో రాశావు, "అమ్మా, నీ పంక్చర్ విద్య ఇక్కడ నేర్పాను, మా మేస్త్రీ నన్ను భుజం తట్టాడు, ఇప్పుడు షెడ్డులో పద్దెనిమిది మందీ నీ గ్లౌజులే వాడుతున్నారు" అని. అది చదివినప్పుడు నేను మెట్లమీద ఉన్నాను. అక్కడే కూర్చుండిపోయాను.

బకెట్టులో ఉండేవి నీళ్లురా. తొట్టెలో ఉండేది నీళ్లు కాదు. గాజునే తినేదానికి పంక్చర్ సొల్యూషన్ ఒక లెక్కా? రెండు రోజులు ముంచితే అతుకు అంచు లేస్తుంది. పైకి చూస్తే అతికే ఉంటుంది. ఆ సందులోంచి చెమ్మ లోపలికి దిగి గ్లౌజు వేలి కొసన నిలుస్తుంది. గ్లౌజు లేకుండా పడితే జారిపోయేది, గ్లౌజులో పడితే వేలిని పట్టుకుని కూర్చుంటుంది. ఇది నాకు ముందే తట్టి ఉండాలి.

ఇరవై రెండు రోజుల కిందట, మధ్యాహ్నం భోజనాలయ్యాక, బాబాయి తొట్టెల దగ్గర్నుంచి నా స్టోరు కిటికీ దగ్గరికి వచ్చాడు. కుడిచేతి గ్లౌజు తీసి పట్టుకున్నాడు. "వదినా, లోపల కాస్త తడిగా తగిలింది వదినా. చెమటేమో అనుకున్నా. చూడు వదినా" అన్నాడు. తెలుసుగా, ఆయన మాటకు ముందొక వదినా, వెనకొక వదినా ఉండాల్సిందే. నేను చూశాను. చూపుడు వేలు కొస కాస్త తెల్లబడి ఉంది, సబ్బు నీళ్లలో నానినట్టు. అతుకు అంచు లేచి ఉంది. నా అతుకే.

"నొప్పి ఉందా?" అన్నాను.

"లేదు వదినా. జెల్ అడగమంటావా వదినా?"

జెల్ మేనేజరు గదిలో బీరువాలో ఉంటుంది. తాళం అడగాలి, ఎందుకో చెప్పాలి. చెబితే గ్లౌజు చూపించమంటారు. పైగా గేటు దగ్గర బోర్డు ఉంది, ప్రమాదం లేని రోజులు అని. ఆ రోజు మూడొందల నలభై రెండు. అది సున్నాకు పోతే లోపల పనిచేసే అందరూ ముఖం మాడ్చుకుంటారు.

"నొప్పి లేదంటున్నావుగా. బాగా కడుక్కుని పోయి పని చూసుకో" అన్నాను.

కడుక్కుని పోయాడు. వేరే గ్లౌజు ఇచ్చాను. అదీ అతుకుదే.

సాయంత్రం ఇంట్లో కూర్చుని చెప్పు విప్పుతున్నవాడు విప్పుతూనే కేక పెట్టాడు. గోరు కింద సుత్తితో కొడుతున్నట్టు ఉందన్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ యాసిడ్ పేరు వినగానే, "ఎన్నింటికి పడింది? అప్పుడే జెల్ ఎందుకు రాయలేదు?" అంది. ఇంజక్షన్లు వేశారు, చాలా చేశారు. నాలుగో రోజు చూపుడు వేలు తీసేశారు, వారం తిరిగేసరికి మధ్యవేలు సగం. కుడిచేతివి. మైనం పూసిన అద్దం మీద సూదితో లతలు గీసే చెయ్యి. మన వీధి తలుపు అద్దం మీద నీకోసం పిట్టను గీసిన చెయ్యి. ఉత్తరం చివర బొమ్మ లేకపోవడానికి కారణం ఇదీ.

ఇక కంపెనీవాళ్ల తెలివి విను. నొప్పి ఇంటి దగ్గర మొదలైంది కాబట్టి ప్రమాదం ఇంటి దగ్గరే జరిగిందట. బోర్డు సున్నాకు పోలేదు. మర్నాడు మూడొందల నలభై మూడు అని దర్జాగా మార్చారు. విచారణకు పై ఆఫీసునుంచి ఒకాయన వచ్చి ఆసుపత్రి మంచం పక్కన కుర్చీ వేసుకుని అడిగితే, బాబాయి "నేను గ్లౌజు వేసుకోలేదండీ, నాదే తప్పు" అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన వెళ్లాక, ఎందుకలా అన్నావని అడిగాను. "నా వేళ్లు ఎలాగూ పోయాయి వదినా. నీ పనీ పోవడం ఎందుకు వదినా" అన్నాడు. కంపెనీ చేతులు దులుపుకుంది. గ్లౌజు వేసుకోనివాళ్లకు బాధ్యత మాది కాదని గోడమీద కొత్త కాగితం అంటించారు. దాని కిందే కూర్చుని ఇంకా అతుకులు వేశాను. అవును, వేశాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నీళ్లు నములుతూ మూడు వారాలు.

నీ ఉత్తరం వచ్చాక ఇంక కుదరలేదు.

ఇవాళ పొద్దున్న ఆ గ్లౌజు తీసుకుని వెళ్లాను. ఆ రోజే చీరకొంగులో చుట్టి ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెలో దాచాను, ఎందుకు దాచానో అప్పుడు నాకే తెలియదు. మేనేజరు బల్లమీద పెట్టి, వేసుకోలేదన్న గ్లౌజు ఇదే, మీ ముద్ర, నా అతుకు అన్నాను. ఆయన తలుపు మూసి, "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ? మీ మరిది ఒప్పుకున్నాడు కదా, ఫైలు మూసేశాం కదా" అన్నాడు. మూసింది మీరు, వేళ్లు పోయింది మా ఇంటి మనిషికి అన్నాను. తర్వాత స్టోరుకు వెళ్లి కత్తెర తీశాను. అతుకులున్న గ్లౌజులు నలభై ఒక్క జతలు. ఒక్కొక్కటీ మణికట్టునుంచి వేళ్లదాకా చీల్చాను. తొట్టెల దగ్గర పని ఆగిపోయింది. వస్తూ వస్తూ గేటు దగ్గర బోర్డు తుడిచి సున్నా రాశాను. వాచ్‌మన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రేపట్నుంచి రావద్దన్నారు. గ్లౌజు వాళ్లకు వదల్లేదు, ఎల్లుండి కార్మిక శాఖ ఆఫీసులో ఇవ్వాలి. గడియారం మాత్రం మేనేజరు కుర్చీలో పెట్టి వచ్చాను.

ఇంత చేశాను కదా, మా అమ్మ గట్టిదే అనుకుంటావేమో. అనుకోకు. ఇంకొకటి ఉంది.

అతుకు నాదని బాబాయికి తెలుసు. తెలిసే అబద్ధమాడాడు. పాపం వదినకు తెలియక జరిగింది అనుకుంటున్నాడు. ఆయనకు చదువు రాదు, గోడమీద ఏముందో ఆయన ఎరగడు. జెల్ అడగమంటావా అన్నప్పుడు నా తల వెనకున్న ఆ గోడ వైపు తిరిగింది. నొప్పి లేకపోయినా జెల్ రాయాలి అన్న వరస నేను చదివాను. ఆ క్షణంలో, ఆ వేలు పట్టుకుని, చదివాను. చదివి, కడుక్కుని పో అన్నాను. తెలియక కాదు. తెలిసి. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నాకు తెలిసే నోరు మూసుకున్నాను. నీకిప్పుడు తెలుసు. నాలాగా చేయకు. ఈ ఉత్తరం అందిన పూటే కత్తెర తీసుకుని పద్దెనిమిది జతలూ చీల్చెయ్. మేస్త్రీ తిడితే తిట్టనీ, మా అమ్మకు మతి లేదని చెప్పు. ఎవరి వేలికైనా తడి తగిలిందని అంటే నొప్పి ఉందా అని అడగకు. నేను అడిగిన ఆ ప్రశ్నే కొంప ముంచింది.

కవరు అంటించే ముందు ఇదంతా బాబాయికి చదివి వినిపిస్తాను. నీ ఉత్తరాలు, నా జవాబులు ఆయనకు వినిపించడం మామూలే కదా. ఈసారి మాత్రం ఒక్క ముక్క మింగకుండా చదువుతాను.

ఇట్లు,
నీ వేళ్లు పదీ పదిలంగా ఉండాలని కోరే
అమ్మ

తాజా కలం: చదివాను. మంచమ్మీద కూర్చుని అంతా విన్నాడు. ఆ గోడమీద వరస సంగతి చదివినప్పుడు కట్టు ఉన్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తలుపు అద్దం మీది పిట్ట వైపు చూశాడు. చివరికి, "వాళ్ల షెడ్డులో జెల్ ఎక్కడ పెడతారో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో వాణ్ణి కనుక్కోమని రాయి" అన్నాడు. అంతే అన్నాడు. ముందు గానీ వెనక గానీ వదినా అనలేదు.