విజయ గారి దినం

పార్కుల అధికారి గారికి,

అయ్యా, పాత టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరైన మనిషిని రాస్తున్నాను. ఊళ్ళో నన్ను టెలిఫోను బామ్మ అంటారు. మీరూ అలాగే అనుకోవచ్చు.

వచ్చే నెల పదో తారీఖు విజయ దినం. ఏటా ఆ రోజు పొద్దున, ఎక్స్ఛేంజి ఎదురుగా ఉన్న చిన్న పార్కులో రాతిపలక దగ్గర చేరి, కాసేపు మౌనంగా నిలబడతాం. మీ ఆఫీసు వాళ్ళు చోటు ఊడ్పించి, కుర్చీలు వేయించి, ఒక మైకు పంపేవాళ్ళు. నిరుడు ఏదీ రాలేదు. నేనూ, ఎక్స్ఛేంజిలో నా పక్క సీటు స్నేహితురాలూ మా కుర్చీలు మేమే మోసుకెళ్ళాం. మోకాళ్ళు ఏమన్నాయో ఇక్కడ రాయలేను.

మొదటి ఏడు ఆ పార్కులో ఇసకేస్తే రాలనంత జనం. బళ్ళకు సెలవు. బ్యాండు మేళం. కొన్నాళ్ళకు సెలవు తీసేశారు. తర్వాత బ్యాండులో డ్రమ్ములు పోయి బాకా ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత బాకా ఊదే ఆయనకు పళ్ళు పోయాయి. నిరుడు మాతో నిలబడ్డ మూడో మనిషి బస్సు కోసం ఆగినాయన. నేను చూసిన చూపుకు టోపీ తీశాడు.

ఈ ఏడైనా కుర్చీలూ మైకూ పంపించగలరు.

ఇట్లు,
టెలిఫోను బామ్మ

తా.క.: కూయని మైకు పంపండి. ఆఖరుసారి వచ్చింది నాకన్నా ముందే ఏడ్చింది.

*

గౌరవనీయులైన టెలిఫోను బామ్మగారికి,

మీ అర్జీ అందినది. శ్రీమతి విజయ గారి మరణమునకు మా విభాగం తీవ్ర సంతాపం తెలుపుచున్నది.

దినం నిమిత్తం పార్కు కోరినారు గనుక ఈ వివరములు అవసరం: విజయ గారు ఎప్పుడు పోయినారు, వయస్సెంత, మీకు ఏమగుదురు. మరణ ధ్రువపత్రం నకలు జతపరచవలెను. అలాగే దినం ఏటా జరుగుచున్నట్లు రాసినారు. ఒక మనిషికి దినం ఒక్కసారే జరుగును. ఏటా జరిగేది వర్ధంతి. దిద్దుకొనగలరు.

ఇట్లు,
పార్కుల విభాగం గుమాస్తా
(అధికారి గారి తరఫున)

తా.క.: బస్సు కోసం ఆగినవారు కుటుంబ సభ్యులా? కుర్చీల నిమిత్తం తెలియవలెను.

*

గుమాస్తా గారికి,

మీ ఉత్తరం చదివి మా స్నేహితురాలు నవ్వీ నవ్వీ కట్టుడు పళ్ళు తీసి పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. నేను నవ్వలేదు.

విజయ మనిషి కాదు నాయనా. విజయం. యుద్ధంలో మనం గెలిచిన రోజు. దినం అంటే ఇక్కడ రోజు అని. విజయ పక్కన ఒక సున్నా పెట్టుకుని చదవండి, అంతా తేటపడుతుంది. ఏ యుద్ధమో తెలీకపోతే మీ అమ్మమ్మను అడగండి, ఆవిడ చెబుతుంది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఒక్క రాంగ్ నంబరు కలపలేదు. ఈ వయసులో మీ ఆఫీసుకు కలిపాను.

ఇట్లు,
టెలిఫోను బామ్మ

తా.క.: విజయానికి మరణ ధ్రువపత్రం లేదు. అది రాకుండా చూడ్డానికే ఈ ఉత్తరాలన్నీ.

*

గౌరవనీయులైన టెలిఫోను బామ్మగారికి,

మీ సూచన ప్రకారం విజయ గారి పేరు పక్కన సున్నా పెట్టడమైనది. మా ఫారములో ఆ గడి సంతానమునకు సంబంధించినది. సంతానం లేదు గనుక దగ్గరి బంధువుగా మీరే సంతకం చేయవలెను.

విజయ మనిషి కాదు అని రాసినారు. ఏ కుటుంబములోనైనా మనస్పర్థలు ఉండును. పోయినవారిని అంత మాట అనుట భావ్యం కాదని మా అధికారి గారు సెలవిచ్చినారు.

ధ్రువపత్రం లేని పక్షమున, విజయ గారిని బాగా ఎరిగిన పెద్దలెవరైనా ఆమెను గురించి సొంత దస్తూరితో రాసి ఇచ్చినను చెల్లును.

ఇట్లు,
పార్కుల విభాగం గుమాస్తా
(అధికారి గారి తరఫున)

తా.క.: ఎంత వివరముగానైనా రాయవచ్చును. కాగితం చాలకున్న వెనకవైపు వాడుకొనవచ్చును.

*

నాయనా గుమాస్తా,

మీ ఆఫీసులో అందరూ ఇంతేనా, లేక నా ఉత్తరాలకు మిమ్మల్నే ఏరి పెట్టారా? సరే. మీకు విజయను ఎరిగిన మనిషే కావాలి కదా. నాకన్నా ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. చదువుకోండి.

ఎక్స్ఛేంజి పై అంతస్తులో పొడుగాటి గది ఉండేది. గోడ పొడుగునా బోర్డు, బోర్డు నిండా చిల్లులు, వాటిలో గుచ్చే తీగలు మా చేతుల్లో. స్టూళ్ళ మీద వరసగా ఆడపిల్లలం. ఎవరికీ పాతికేళ్ళు లేవు. అసలు పేర్లు రిజిస్టరులో ఉండేవి, నోట్లో మాత్రం కోకిల, పొడుగమ్మ, నిదానం, బుల్లెమ్మ. నన్ను గయ్యాళి అనేవాళ్ళు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

యుద్ధం ఊరి మీదికి వచ్చిన మధ్యాహ్నం సైరను మోగింది. నేలమాళిగలోకి వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు, ఎవర్నీ తప్పు పట్టను అని సూపర్‌వైజరమ్మ చెప్పింది. సరిగ్గా అప్పుడే బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి. ఆసుపత్రి, ఫైరింజను, రైలు స్టేషను, బిడ్డ బళ్ళో ఉండిపోయిన తల్లి. మేం లేస్తే వాళ్ళకు పలికే దిక్కు లేదు. ఒక్కరూ లేవలేదు. ధైర్యం గురించి ఎవరూ మాట్లాడలేదు కూడా. కోకిల మాత్రం, "నా లైన్లో ఆయన ఇంకా మాట్లాడుతున్నాడే, మధ్యలో ఎలా లేస్తాను?" అంది.

బాంబు గది పడమటి కొస మీద పడింది. ఆ కొసన కూర్చున్న నలుగురూ, ఇప్పుడు పేర్లు రాశానే, వాళ్ళే, పోయారు. ఈ కొసన ఉన్నవాళ్ళం కళ్ళల్లో దుమ్ము తుడుచుకుని వాళ్ళ లైన్లు కూడా మేమే అందుకున్నాం. మా కోసం ఫైరింజనును పిలిచింది నేనే. నా గొంతు వణకలేదని ఆ డ్రైవరు తర్వాత చెప్పాడు. చేతుల సంగతి ఆయనకు కనబడలేదు లెండి.

మరుసటి ఏడు గెలిచామన్న కబురు ఈ ఊళ్ళో మొదట నా చెవిన పడింది. రాజధాని నుంచి మున్సిపల్ ఛైర్మన్ గారికి ఫోను. లైన్లో విన్నది ఆపరేటరు బయటపెట్టకూడదు. ఛైర్మన్ గారేమో స్నానాల గదిలో ఉన్నారు. ఆయన ఒళ్ళు తుడుచుకుని వచ్చేదాకా, మనం గెలిచామని ఊరు మొత్తం మీద తెలిసింది నాకొక్కదానికే. నా మొహం చూసి పక్క సీటు స్నేహితురాలు, ఎవరు పోయారే అని శోకాలు మొదలుపెట్టింది. అయినా నేను చెప్పలేదు. నా జన్మలో గొప్పగా చెప్పుకోవడానికి రెండే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం సీటు వదల్లేదు, గెలిచిన పొద్దున నోరు జారలేదు.

అదీ విజయం. దాని కోసం నలుగురు పోయారు. దినం అనుకుంటారో రోజు అనుకుంటారో మీ ఇష్టం. ఈ ఏడు కూడా ఆగిందంటే మీ జాబితాలోంచి కొట్టేస్తారని విన్నాను. నేను బతికుండగా కొట్టేయనివ్వను.

ఇట్లు,
టెలిఫోను బామ్మ

తా.క.: వెనకవైపు కూడా రాశాను. మీరు చెప్పారని కాదు, కాగితం చాలక.

*

గౌరవనీయులైన టెలిఫోను బామ్మగారికి,

మీరు రాసి ఇచ్చినది అధికారి గారికి చదివి వినిపించడమైనది. విజయ గారి కోసం నలుగురు ప్రాణములిచ్చినారని విని వారు చలించినారు. పోలీసు వారికి తెలుపవలెనా అని ఒక క్షణం ఆలోచించి, పాత సంగతి గనుక వదిలివేసినారు. ఇంతటి మనిషిని ఊరు మరచుట సిగ్గుచేటు అని కూడా అన్నారు.

పార్కు మంజూరైనది. షామియానా, మైకు, మంచినీళ్ళ బండి, మా గోదాములో ఉన్న కుర్చీలన్నియు పంపుచున్నాము. ఊరంతా నల్ల అంచు కాగితములు అంటించడమైనది. అందులో ఇలా ఉన్నది: "విజయ గారి దినం. ఆమె కోసం నలుగురు ప్రాణాలిచ్చారు. ఎరిగినవారూ, ఎరగనివారూ తప్పక రండి."

ఇట్లు,
పార్కుల విభాగం గుమాస్తా
(అధికారి గారి తరఫున)

తా.క.: విజయ గారి ఫోటో ఒకటి తేగలరు. వెనక వరసకు కూడా కనబడవలెను.

*

నాయనా,

నిన్న మీతో పోట్లాడదామనే స్నేహితురాలిని వెంటబెట్టుకుని బయల్దేరాను. చేతికర్ర ఆనుకోవడానికి కాక ఊపడానికి పట్టుకొచ్చాను. పార్కు మలుపు తిరిగామో లేదో, మా ఇద్దరికీ దారి లేదు. షామియానా నిండి, రోడ్డు నిండి, ఎదురు మెట్ల మీద కూడా జనం. చేతుల్లో పువ్వులు, మొహాల్లో దిగులు. నన్ను చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, విజయ లాంటి మనసున్న మనిషి మళ్ళీ పుట్టదంది. ఇంకొకాయన విజయ దస్తూరి ముత్యాల్లా ఉండేదన్నాడు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి అయితే, బళ్ళో తనది ఆమె పక్క బెంచీయేనని చెప్పి రుమాలు తడిపేశాడు. పుట్టని మనిషికి ఇంతమంది స్నేహితులను చూసి, ఊపడానికి తెచ్చిన కర్రను ఆనుకుని నిలబడ్డాను. నేను పోట్లాడకుండా ఉండడం ఇదే మొదటిసారని మా స్నేహితురాలు ఊరంతా చెబుతోంది.

ఫోటో తెమ్మన్నారుగా. నా దగ్గరున్నది ఒక్కటే, బోర్డు ముందు మేమందరం కూర్చున్నది. దాన్నే పెద్దది చేయించి తెచ్చాను. ముందు వరసలో ఒకమ్మాయి లేచి వచ్చి, దాన్ని ఎంతో శ్రద్ధగా చూసి అడిగింది.

"ఇందులో విజయ ఎవరండీ?"

తిడదామని వెళ్ళిన మనిషిని. ఆ పిల్ల మొహం చూస్తే తిట్టు రాలేదు. మైకు అందుకున్నాను. పడమటి కొసన ఉన్న నలుగురి మీదా వేలు పెట్టాను. "ఈమె. ఈమె. ఈమె. ఈమె" అన్నాను.

ఇక అక్కణ్ణించి మొత్తం చెప్పాను, మీకు రాసిందీ, రాయనిదీ. రిజిస్టరులో ఉన్న అసలు పేర్లు చదివాను. ఒక్కరూ కదల్లేదు. మౌనం పాటించమంటే, స్టాపులోకి వచ్చిన బస్సు డ్రైవరు కూడా ఇంజను ఆపేసి కిందికి దిగి నిలబడ్డాడు. మొదటి ఏడు జనం ఎక్కువే, కానీ బ్యాండు గోల. నిన్నటి నిశ్శబ్దం అప్పుడు లేదు. పిల్లలూ, పెద్దలూ, మా తర్వాత పుట్టినవాళ్ళూ, వాళ్ళ తర్వాత పుట్టినవాళ్ళూ ఆ నలుగురి కోసం తలలు వంచుకుని నిలబడితే, నేనొక్కదాన్నీ తల ఎత్తుకునే ఉన్నాను. వంచబుద్ధి కాలేదు.

ఉంటాను,
టెలిఫోను బామ్మ

తా.క.: మీకు బుర్ర తక్కువో, నాకన్నా ఎక్కువో తేల్చుకోలేక రాత్రి నిద్ర పట్టలేదు. నిజం రాయండి.

*

బామ్మగారికి నమస్కారాలు.

ఇది ఆఫీసు కాగితం కాదు, నేను కొనుక్కున్నది. అందుకే 'చున్నది'లు లేకుండా రాస్తున్నాను.

మీ మొదటి ఉత్తరానికి నేను నిజంగానే పొరబడ్డాను. రెండోది చదివాక సిగ్గేసి అధికారి గారి దగ్గరికి పరిగెత్తాను, విషయం చెప్పకుండా, పాత యుద్ధాల రోజులకు కుర్చీలు పంపొచ్చా అని మాత్రం అడిగాను. వద్దని పైనుంచి ఉత్తర్వు ఉందన్నారు. ఎవరికీ గుర్తులేనివాటికి కుర్చీలు దేనికి అన్నారు. బయటికొచ్చి, ఆ యుద్ధం గురించి ఏం తెలుసని ఆఫీసంతా అడిగాను. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అన్నారు. నాకు తెలిసిందీ అంతే. మీరు చెప్పినట్టు మా అమ్మమ్మనూ అడిగాను. ఆవిడ యుద్ధం అయ్యాక పుట్టిందట. ఈ మాట మీకు రాయడానికి ఇన్నాళ్ళూ భయపడ్డాను.

కానీ ఊరి మనిషి పోతే మాత్రం మా ఆఫీసు అడిగినవన్నీ ఇవ్వాలి. షామియానా, నీళ్ళు, కాగితాలు, అన్నీ. గెలిచిన రోజుకు లేని మర్యాద పోయిన మనిషికి ఉంది. కాబట్టి విజయ గారిని మనిషిని చేశాను. మీ ఉత్తరాలు యుద్ధం మాట దాటేసి అధికారి గారికి నేనే చదివి వినిపించేవాణ్ణి, నా జవాబులు మాత్రం ఆయన చూసేవారు, అందుకని మీతో కూడా తెలివితక్కువగానే మాట్లాడాల్సి వచ్చింది. మీరు తిట్టిన ప్రతిసారీ ఆయన, పాపం దుఃఖంలో ఉన్నారు, పోనీ అనేవారు.

ఇంకో సంగతి. బళ్ళో విజయ పక్క బెంచీలో చదువుకున్న ఆ కళ్ళజోడు పెద్దమనిషి మా అధికారి గారే.

మీరు నలుగుర్నీ చూపిస్తుంటే ఆయన మొహం చూశాను. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. మర్నాడు గదిలోకి పిలిచి తలుపు వేశారు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. చివరికి, ఏటా జరిపే వాటి జాబితాలో ఎక్కించు అన్నారు. పేరు విజయ దినోత్సవం అని దిద్దనా అని అడిగాను.

"వద్దు. రోజును కొట్టేయడానికి ఎవరికీ చెయ్యి వణకదు. మనిషి పేరు ఉంటే ఆగుతారు. అలాగే ఉంచు."

అలాగే ఉంచాను. ఇక మీరూ నేనూ ఉన్నా లేకపోయినా, పదో తారీఖున ఆ కుర్చీలు వస్తాయి.

ఇట్లు,
మీ గుమాస్తా

తా.క.: ఇవాళ ఆఫీసు తెరవకముందే గుమ్మంలో మనుషులున్నారు. ఒకావిడ వాళ్ళ మేనత్త ఆ రోజు ఆసుపత్రి వైపు ఫోను పట్టుకుని కూర్చున్న నర్సట. ఇంకొకాయన తాతగారు రైలు స్టేషనులో సిగ్నలు వదలకుండా నిలబడ్డారట. వాళ్ళ పేర్లు కూడా చదువుతారా అని అడిగారు. చదువుతారని నేనే మాటిచ్చేశాను. వచ్చేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. బామ్మగారూ, గొంతు జాగ్రత్తగా చూసుకోండి.