గుట్ట మీద అత్తమ్మ

ఆదివారం రాత్రి. కాళ్లు పీకుతున్నాయి.

పెద్దవూర గుట్టకు ఈసారి మా ట్రెక్కింగ్ గ్రూపులోని శీను వాళ్ల అత్తమ్మను కూడా తీసుకొచ్చాడు. ఆమె హవాయి చెప్పులతో వచ్చింది. గుట్ట ఎక్కాలంటే బూట్లు ఉండాల్సిందేనని లీడర్ హోదాలో అందరి ముందూ ఆమెకు క్లాసు పీకాను. "సరే బిడ్డా" అంది.

దిగేటప్పుడు నా ఫోన్లో సిగ్నల్ పోయింది. దాంతోపాటే దారీ పోయింది. నా వెనక వచ్చిన వాళ్లందరూ ముళ్లకంపలో ఇరుక్కున్నారు. అత్తమ్మ వంగి నేల చూసింది.

"మేకల పెంటికలు గిటు పడ్డయ్. గిదే తొవ్వ."

అరగంటలో రోడ్డెక్కాం. వచ్చేవారం ఆమే ముందు నడవాలని గ్రూపులో అందరూ మెసేజ్‌లు. పోనీ.

కానీ బస్సు దగ్గర ఆమె అడిగింది: "మేకలు లేవు, కట్టెలు కొట్టవు. గుట్టెందుకు ఎక్కుతవ్ బిడ్డా?"

"ఆరోగ్యం కోసం అత్తమ్మా."

నా పొట్ట వైపు ఒకసారి చూసి ఊరుకుంది. ఏదో ఒకటి అనేసినా బాగుండేది.