కిటికీలోంచి పట్టిన చేట

నేను బతికాను నాగమ్మా, బతికాను! నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ముక్క నీకు కాక ఇంకెవరికి ముందు చెప్పేది? నిన్న డాక్టరు రొమ్ముకు గొట్టం పెట్టి విని, "పిల్లికూతలు తగ్గినాయప్పా, ఇంక భయం లేదు" అన్నాడు.

ఊరంతటినీ పడేసిన ఫ్లూ జ్వరం నా పాత ఉబ్బసం మీదికి ఎక్కింది. జ్వరం దిగగానే నయమైందనుకుని కళ్లానికి పోయాను. వడ్ల దుమ్ము తగిలి ఊపిరాడక, నీ దాకా వచ్చి వెనక్కి తిరిగాను. "రొమ్ము ఇంకా పచ్చిపుండే. నూర్పిళ్లు అయ్యేదాకా గది దాటొద్దు" అని డాక్టరు తిట్టాడు.

అప్పటినుంచి ఈ గదిలోనే ఉన్నాను. దుమ్ము రాకుండా తలుపుకు తడి దుప్పటి కట్టారు, కిటికీ అద్దం మూశారు. కిటికీలోంచి కళ్లం కనబడుతుంది, పోవడానికి లేదు. మొదటి చేట ఇంటి పెద్దే పట్టాలి కదా, నా కోసం వడ్లన్నీ తూర్పార పట్టకుండానే ఆపారు.

ఈ పొద్దు కోడలు రామక్క కడిగిన ఖాళీ చేట కిటికీ దగ్గరకు తెచ్చింది. "ఈడనుంచే పట్టుకో మామా. నువ్వు గడప దాటితే అత్తమ్మకు నేనేం జవాబు చెప్పాల?" అంది. అద్దం తీసి, కమ్మీల మధ్య చేతులు పెట్టి ఆ చేట పట్టుకున్నాను. అద్దం మళ్లీ మూశాక దాంతోనే మన పెద్దోడు తూర్పార పట్టాడు. ఆనందం పట్టలేక గదంతా తిరిగాను, నాగమ్మా. నాలుగడుగులే గది!

నేను ఇప్పట్లో రానని అక్కడ అందరికీ చెప్పు: మా అమ్మకు, మీ నాయనకు, నా తమ్ముడు హనుమంతుకు, ఎమ్మిగనూరు అత్తకు. అత్తకు గట్టిగా చెప్పు, ఆమెకు చెవుడు.