విహారానికని వచ్చిన మా వియ్యపురాలిని ఉండనివ్వమని

విదేశీయుల తనిఖీ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: పరదేశస్థురాలైన మా వియ్యపురాలిని కోడలి కాన్పు అయ్యేవరకు ఉండనిచ్చుట గురించి.

రెండు రోజులుగా ముసురు. కొట్టమంతా బురద. పొద్దున గేదెల పాలు పితికి, కేంద్రంలో పోసి, తడిబట్టలతోనే తమ కచేరీకి వచ్చి ఈ క్రింది సంగతులు విన్నవించుకుంటున్నాను.

1. మా కోడలిది సరిహద్దు అవతలి దేశం. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి తల్లి పక్కన ఉండాలంది. కాన్పుకని రాస్తే అనుమతి ఆలస్యమవుతుందని, విహారమని రాయమని దరఖాస్తులు నింపేవాడు చెప్పాడు. అలాగే రాశాం.

2. తమ ఇన్‌స్పెక్టరు గారు మా ఇంటికి విచారణకు వచ్చి, "విహారానికొచ్చి ఏమేం చూశావమ్మా?" అని ఆమెను అడిగారు. ఆమె కూతురి వైపు చూసింది. మా ఇంటావిడ ఊరుకోక, "మా గేదెల్ని చూసిందండీ, ఇక్కడ ఇంకేముంది?" అంది. ఆయన నవ్వలేదు. "చూడ్డానికొచ్చి ఏమీ చూడలేదంటే వేరే పనిమీద వచ్చినట్టే. మళ్ళీ వస్తా" అన్నారు. అప్పటినుంచి తలుపు చప్పుడైతే ఆయనే వచ్చారనుకుంటున్నాం.

3. చుట్టుపక్కల చూడదగ్గది కొత్త వంతెన ఒక్కటే. "చెల్లెమ్మా, అదైనా చూసొద్దాం, అడిగితే చెప్పుకోవచ్చు" అన్నాను. "పిల్లని వదిలి నేను రాను అన్నయ్యగారూ" అంది. నిన్న బలవంతాన బండెక్కించాను. ఋజువుంటుందని వంతెన ముందు నిలబెట్టి ఫొటో తీశాను. తీయకూడదన్న బోర్డు చూసుకోలేదు. కాపలావాళ్ళు ఫోను లాక్కుని, తమ కచేరీకని ఆమెను పట్టుకుపోయారు. "తీసింది నేనండీ" అని మొత్తుకున్నాను. "నువ్వు ఇక్కడివాడివేగా, పక్కకి జరుగు" అన్నారు.

4. చూడకపోయినా తప్పే, చూసినా తప్పే అయితే ఆమె ఏం చేయాలో తమరే సెలవియ్యాలి. కోడలికి నెలలు నిండాయి. "అమ్మేది మావయ్యా?" అని అడుగుతుంటే దారిలో ఉందని చెబుతున్నాను.

5. ఈ అర్జీ పెడితే నన్నూ లోపలేస్తారని మా ఇంటావిడ ఏడుస్తోంది. నాకూ భయంగానే ఉంది. తప్పుంటే నన్ను ఉంచుకుని ఆమెను ఇంటికి పంపండి.

ఇది తమరు ఒక్కసారి చిత్తగించి, కాన్పయ్యేదాకా మాత్రం ఆమెను మాకు వదలవలెను.

పాలు పోసుకుని బతికే
తమ విధేయుడు

తాజాకలం: వరుసలో ఉండగా తమ బంట్రోతు చెప్పాడు, ఆమెను తెల్లవారగానే వ్యానులో సరిహద్దు దాటించారట. ఇంటికి పోయి కోడలికి చెప్పక తప్పలేదు. రాసింది కాబట్టి మళ్ళీ వచ్చి అర్జీ ఇచ్చిపోతున్నాను. మా కోడలి కాగితాలు సరిగానే ఉన్నాయి, దారిలో ఆమెను ఆపవద్దని మనవి. మధ్యాహ్నం బస్సుకు తల్లి దగ్గరికి బయలుదేరింది. మా అబ్బాయి వెంట వెళ్ళాడు.