పదహార్లున్న ప్లాన్

ఏమండీ,

మీరు చదవరన్న ధైర్యంతోనే రాస్తున్నాను. మీ సంవత్సరీకం అయిన మర్నాడు ఈ పరాయి దేశంలో మన రోటోటూనా ఇంటికి ఒక తెలుగు ఏజెంటు వచ్చాడు. ముసలితనంలో కేర్ హోమ్ ఖర్చు భరించే ఇన్సూరెన్సట. మూడు ప్లాన్లు చూపించి, ఏవో శాతాలు చెప్పి, "అర్థమైందా ఆంటీ?" అన్నాడు.

"మా ఆయన లెక్కల మాస్టారు" అన్నాను గొప్పగా. ఇక అర్థం కాలేదని ఏ మొహంతో అనను? ఒకదాని ప్రీమియం చివర నూట పదహారు కనబడింది. శుభమని సంతకం పెట్టేశాను.

ఇవాళ మన అమ్మాయి ఆ కాగితాలు చదివింది. "ఎనభై దాటితే ఇది పైసా ఇవ్వదమ్మా! ఎందుకు తీసుకున్నావు?"

"మీ నాన్నగారు ఉన్నప్పుడే లెక్కలు వేసి ఇదే మంచిదన్నారు" అన్నాను.

పాపం, నమ్మేసింది. "అయితే నాన్న కూడా లెక్క తప్పారన్నమాట" అంది.

అవునని తలూపాను.